గుప్పిట నవ్వు

వదిన ఒంటి మీద తన ఏప్రాన్ కనబడిన రోజు సూదమ్మ ఎంత రభస చేసిందో మీరు మరిచిపోయి ఉండరు. మరిచిపోయినవాళ్ళ కోసమూ, పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వనివాళ్ళ కోసమూ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తోలు సంచుల కర్ఖానాలో కరెంటు పోయి ఆ రోజు సూదమ్మ మధ్యాహ్నమే ఇల్లు చేరింది. మెట్ల మీద ఉండగానే కూతురి నవ్వు వినబడింది. ఆ నవ్వు ఆమె చెవిన పడడం అదే మొదలు. అంతవరకూ రోజూ సాయంత్రం "ఇవాళ నవ్విందా వదినా?" అని తను అడగడం, "నవ్వింది అమ్మాయ్" అని వదిన, అంటే వాళ్ళాయన అక్క, చెప్పడం, అంతే ఆమెకు దక్కింది. పరుగున వెళ్ళి తలుపు తోస్తే ఏముంది? వదిన తన ఏప్రాన్ తొడుక్కుని నేల మీద చతికిలబడి ఉంది. పిల్ల ఆ ఏప్రాన్‌లో మొహం దూర్చి కిలకిల్లాడుతోంది.

"నా బిడ్డా నీకే కావాలి, నా బట్టా నీకే కావాలి! ఇంక మిగిలింది నా మొగుడి ఇంటిపేరు. అది ఎలాగూ నీదేగా!" అని వీధంతా వినబడేలా అరిచి, సాయంత్రానికల్లా వదినను ఇంట్లోంచి పంపేసింది. అంతటితో కడుపుమంట చల్లారలేదు. ఆ ఏప్రాన్‌ను వేడినీళ్ళలో నానబెట్టి, ఫినాయిలు గుమ్మరించి, బండకేసి బాదింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ వదిన మీద కోపం ఏప్రాన్ మీద తీరింది.

మర్నాడే కర్ఖానాకు వెళ్ళి మేస్త్రికి సెలవు చెప్పేసింది.

"నువ్వు మానేస్తే ఈ సంచులకు పట్టీలెవరు కుడతారు సూదమ్మా?" అన్నాడాయన.

"మీ ఆవిడ చేత కుట్టించుకోండి. నా బిడ్డను నేనే చూసుకుంటాను."

సూదమ్మ అని ఊరికే అనరు మరి. చేతిలో సూదికంటే నోట్లో సూదికే పదునెక్కువ అని కర్ఖానాలో ఆడవాళ్ళు ఆమె ముందే అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది. వాళ్ళాయన లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోను చేసి సంగతంతా విని, "అక్కకూ నీకూ మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను" అని వాపోయాడు. "పోకచెక్కలు మాట్లాడవు" అని పెట్టేసింది.

ఇంక పిల్లా తనే. అడ్డెవరూ లేరు. కూతురి నవ్వంతా తనకేనని సూదమ్మ పొంగిపోయింది.

పిల్ల నవ్వలేదు.

ఆ రోజు నవ్వలేదు, మర్నాడు నవ్వలేదు, ఆ తర్వాతా నవ్వలేదు. కితకితలు పెట్టింది. గిలక ఆడించింది. టార్చిలైటు గోడ మీద గిర్రున తిప్పింది. ముద్దులు పెట్టి, బతిమాలి, చివరికి గట్టిగా కసిరి, కసిరినందుకు తనే ఏడ్చింది. దగ్గరకు తీసుకున్నప్పుడల్లా పిల్ల ఒళ్ళు కర్రలా బిగుసుకుని, మొహం పక్కకు తిరిగిపోయేది. కన్నతల్లి ఎత్తుకున్నా ఎవరో కొత్తమనిషి ఎత్తుకున్నట్టు చేస్తుంటే ఏ పేగు మాత్రం ఓర్చుకుంటుంది?

పిల్లను నర్సు మొదటి రోజే గుప్పిట అంది, అందరికీ అదే అలవాటైపోయింది. చిటికెన వేలూ చూపుడు వేలూ పక్క వేళ్ళ మీదకు ఎక్కి, రెండు చేతులూ ఎప్పుడూ మూసుకునే ఉంటాయి, ఏదో దాచుకున్నట్టు. మనందరికీ ఒంట్లో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయట. ఈ పిల్లకు ఒకచోట రెండుకు బదులు మూడొచ్చాయి. ఎక్కువొస్తే మేలేగా, బేరంలో కొసరొచ్చినట్టు అనుకుంటాం. ఈ కొసరు అలాంటిది కాదు. గుండెలో చిల్లు పెట్టింది, చెవులు మూసింది, కళ్ళకు వెలుగునీడలు తప్ప ఏమీ మిగల్చలేదు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టంలోంచే పాలు పొయ్యాలి. మొదటి పుట్టినరోజు చూడదని పెద్ద డాక్టరు చెప్పాడు. గుప్పిట మూడో పుట్టినరోజు కూడా దాటేసింది. అయినా ఆయన ఎప్పుడడిగినా అదే మాట: "ఎప్పుడేమవుతుందో చెప్పలేం తల్లీ. ఉన్నన్నాళ్ళు దాన్ని సంతోషంగా ఉంచండి."

సంతోషంగా ఉంచడం చేతకావట్లేదనే సూదమ్మ బాధ. తను పనికి పోయినన్నాళ్ళూ ఆడపడుచు ఒళ్ళో ఇకిలించిన పిల్ల, తను ఉద్యోగం వదిలి ఎదురుగా కూర్చుంటే మూతి ముడుస్తోంది. వదినేదో మందు పెట్టిందని కూడా అనుకుంది ఒక క్షణం. ఈర్ష్య పట్టిన మనిషికి తోచని మాటంటూ ఉండదు.

అలా లోపల్లోపల కుళ్ళిపోతున్న సమయంలో, ఆ రోజు పొద్దున్న, కింద తలుపు చప్పుడైంది. తర్వాత మెట్ల మీద అడుగులు. ఒకటి తేలిక, ఒకటి బరువు. ఆ నడక వదినది తప్ప ఇంకెవరిదీ కాదు. బస్సు టికెట్ల కౌంటరులో పనిచేసే రోజుల్లో కాలు మీదుగా సామాను బండి వెళ్ళి, ఆ పాదం అప్పటినుంచీ ఈడ్చుకునే నడుస్తుంది. ఎవరినీ కట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "అందరికీ టికెట్లిచ్చాను గానీ నేను బస్సెక్కలేదు" అనేది.

గుమ్మంలో నిలబడింది, ఆయాసపడుతూ.

"నా సామాను తీసుకెళదామని వచ్చాను అమ్మాయ్. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతున్నా. నాతో కౌంటర్లో చేసిన ఆవిడ వేరే ఊళ్ళో హాస్టల్ నడుపుతోంది. వంటగది చూసుకోమంది."

"మంచిది. అక్కడ పిల్లలుంటారా?"

"పెద్దపిల్లలు."

"అయితే పరవాలేదులే. వాళ్ళకు తల్లులెవరో తెలిసే వయసు."

 వదిన చెక్కనేల మీద గది దాటుకుంటూ అలమర దగ్గరకు వెళ్ళి, తన బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. సూదమ్మ పిల్లకు పాలు పోస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తూనే ఉంది. వదిన చూపు మాత్రం చాప మీదున్న గుప్పిట మీదే ఉంది.

"చిక్కింది" అంది వదిన మెల్లగా.

"దిష్టి పెట్టకు."

"నవ్విందా?"

ఇన్నాళ్ళూ తను అడిగిన మాట. ఇప్పుడు ఆవిడ నోట. సూదమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు నవ్వుతుంది? నవ్వంతా నువ్వు పిండుకుని పోయాక ఇంకేం మిగిలిందని నవ్వుతుంది? ఏం నేర్పావు దానికి? కన్నతల్లి వస్తే మొహం తిప్పుకోమని నేర్పావా? నాకు ముట్టుకోవడం రాదా, ఎత్తుకోవడం రాదా? రోజూ పనినుంచి రాగానే ఒళ్ళు రక్కుకుపోయేలా సబ్బుతో రుద్దుకుని, ఉతికిన బట్ట కట్టుకుని గానీ దాన్ని తాకలేదే! నువ్వేమో ఆ జిడ్డు ఏప్రాన్ వేసుకుని, దానికి మళ్ళీ ఊపిరితిత్తుల్లో నిమ్మొచ్చినా లెక్కలేకుండా..."

"అదే" అంది వదిన.

"ఏదే?"

"ఆ జిడ్డే."

వదిన సంచి కింద పెట్టి, గోడ పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. సూదమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"దానికి కళ్ళున్నాయా, చెవులున్నాయా? ఒక ముక్కుపుటం గొట్టానికి పోగా ఇంకోటే మిగిలింది. మనుషుల్ని దాంతోనే పోల్చుకుంటుంది పాపం. పుట్టిన ఏడాది నువ్వు దీన్ని వదిలి ఎక్కడికెళ్ళావ్? ఒళ్ళో వేసుకునే పట్టీలు కుట్టావుగా. తోలూ, బంకా, దారానికి రుద్దే మైనం, నీ చెమటా. దానికి అమ్మంటే ఆ వాసనే. తర్వాత నిమ్మొచ్చి ఆస్పత్రిలో పడ్డప్పుడు, శుభ్రంగా ఉండమని నర్సు చెప్పింది. చేతులు కడుక్కోమంది ఆవిడ. నువ్వు నిన్నే కడిగేసుకున్నావు."

సూదమ్మ చేతిలో పాల సిరంజి అలాగే ఉండిపోయింది. నర్సు అన్న మాట ఆమెకు బాగా గుర్తుంది. ఆ రోజునుంచే పనిని కర్ఖానాలో పెట్టి, ఇంట్లో కుట్టేటప్పుడు వేసుకున్న పాత ఏప్రాన్‌ను మెట్ల దగ్గర మేకుకు వదిలేసి, ఘుమఘుమలాడే సబ్బు కొని తెచ్చింది. తోలు వాసన తన బిడ్డకు తగులుతుందేమోనని ఎంత భయపడింది!

"నీకెలా తెలుసు?" అంది చివరికి.

"వానపడ్డ రోజు చలేసి, మేకుకున్న నీ ఏప్రాన్ భుజాన వేసుకున్నాను. పాలు పోద్దామని వంగానో లేదో, ముక్కు ఎగబీల్చింది. మొహం తెచ్చి గుడ్డలో దూర్చింది. నవ్వింది. అంతకుముందు ఎప్పుడు నవ్విందే అది? నేను పిచ్చిదానిలా ఏడ్చాను. మర్నాడు ఏప్రాన్ లేకుండా వెళ్ళి ఒళ్ళో వేసుకున్నాను. ఊఁహూఁ. వేసుకుని వెళ్ళాను, మళ్ళీ నవ్వింది. అప్పుడు తెలిసిపోయింది, అది నవ్వుతున్నది నాకు కాదని."

"నాకెందుకు చెప్పలేదు?"

వదిన తల వంచుకుంది. 

"ఓర్వలేక" అంది.

సూదమ్మ తన చెవులను తనే నమ్మలేకపోయింది.

"అవునమ్మాయ్, ఓర్వలేకే. నీకు మొగుడున్నాడు, పనుంది, కర్ఖానాలో పేరుంది, బిడ్డుంది. ఎన్నాళ్ళుంటుందో తెలియకపోయినా నీ బిడ్డ నీ బిడ్డే. నాకేముంది? కుంటికాలు. తమ్ముడి ఇంట్లో కింద గది. సాయంత్రం నువ్వొచ్చి, మెట్ల దగ్గరే నిలబడి, 'ఇవాళ నవ్విందా వదినా' అని అడుగుతావు చూడు... పొద్దుటినుంచీ ఆ మాట కోసమే చూసేదాన్ని. నా దగ్గరున్నది నీ దగ్గర లేదు అనుకోవడం ఎంత బాగుండేదో! ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే తినేశాను, నీ నవ్వు."

కోపం వస్తుందనుకుంది సూదమ్మ. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చి కోపాన్ని తోసేసింది. ఎన్ని నవ్వులు! ఎన్ని మధ్యాహ్నాలు! తను అక్కడ ఎవరివో సంచులకు తూట్లు పొడుస్తుంటే, ఇక్కడ తన కోసం నవ్విన నవ్వులన్నీ ఇంకొకరి కళ్ళముందు అయిపోయాయి. ఉన్నట్టుండి ఆ ఏప్రాన్ మీద కూడా అసూయ పుట్టింది. తనదే, తను చెమటోడ్చిందే, అయినా తనకంటే ఎక్కువసార్లు బిడ్డ మొహం ఒత్తుకున్నది దానికే కదా.

"దాని బతుకే గుప్పెడు" అంది సూదమ్మ. "అందులో నా వాటా కూడా నువ్వే తిన్నావు వదినా. ఎక్కడినుంచి తెచ్చిస్తావు?"

"ఏప్రాన్ ఏదీ? వేసుకో. ఇప్పుడే చూద్దువుగాని."

సూదమ్మ కిటికీ వైపు చూసింది. బయట తీగ మీద ఏప్రాన్ ఇంకా వేలాడుతోంది, తెల్లగా, కడిగిన ముత్యంలా. ఒక్క మరక లేదు. వదినా చూసింది. 

"ఫినాయిలు కూడా పోశావా?" అంది వదిన.

"రెండుసార్లు."

నవ్వొచ్చే సందర్భం కాదు గానీ వదినకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి సూదమ్మకు ఏడుపొచ్చింది. కర్ఖానా మానేసింది, ఏప్రాన్ ఉతికేసింది, ఒంటి మీద వాసన వారమై సబ్బుతో తోమేసింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇంతకంటే ఏముంటుంది?

వదిన సంచి విప్పింది. మడతబెట్టిన బట్టల అడుగున చెయ్యి పెట్టి తడిమి, ఒక తోలు పట్టీ తీసింది. మెలిక పడి, ఒక వైపు కుట్టు వంకరపోయి ఉంది. సూదమ్మ వెంటనే పోల్చుకుంది. పిల్ల ఒళ్ళో ఉండగా కుట్టిన మొదటి పట్టీ అది. పిల్ల కాలితో తన్నితే కుట్టు తప్పింది. మేస్త్రి వద్దంటే ఇంట్లోనే పడేసింది.

"ఇదీ దొంగతనమే" అంది వదిన. "వెళ్ళేటప్పుడు పట్టుకుపోయాను. అక్కడికెళ్ళి ఇది నేనేం చేసుకుంటానో నాకే తెలీదు. ఇంద."

సూదమ్మ పట్టీని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకా ఉంది. తోలు, మైనం, పాత బంక. అరచేతుల మధ్య గట్టిగా నలిపి, మెడకూ చెంపలకూ రుద్దుకుని, దండలా మెడలో వేసుకుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, పిల్లను గుండెలకు ఆనించుకుంది. ఎప్పటిలాగే గుప్పిట ఒళ్ళు బిగుసుకుంది, మొహం పక్కకు తిరిగింది.

తిరిగి, ఆగింది.

ముక్కు ఎగబీల్చింది. ఒకసారి, ఇంకోసారి. బిగుసుకున్న భుజాలు జారాయి. మొహం మెల్లగా ఇటు తిరిగి, పట్టీని వెతుక్కుంటూ తల్లి మెడ వంపులోకి దూరింది. వెచ్చటి ఊపిరి తగిలింది. తర్వాత గొంతులో ఎక్కడో బుడగలు లేచినట్టు చప్పుడై, భుజాలు ఎగిరి, నవ్వొచ్చింది. ఆ నవ్వు మెడ మీద తడిగా, గరగరగా తగులుతుంటే సూదమ్మకు ప్రపంచం గుర్తు లేదు. "నేనేనే, అమ్మనే, నేనే వచ్చానే" అని ఆ వినబడని చెవిలో చెబుతూనే ఉంది.

తలెత్తేసరికి వదిన లేచి నిలబడింది. సంచి భుజాన వేసుకుంది. ఆ నవ్వును కళ్ళారా చూడలేకనో, చూసే హక్కు లేదనుకునో, మొహం అటు తిప్పుకునే తలుపు వైపు నడిచింది. ఒకటి తేలిక, ఒకటి బరువు. చెక్కనేల అదిరింది.

పిల్ల నవ్వు ఆగింది.

గుప్పిట తల తల్లి మెడలోంచి బయటికొచ్చింది. పట్టీని వదిలేసి, ఒళ్ళోంచి నేల మీదకు జారింది. కాళ్ళు రెండూ నేలకు ఆని ఉన్నాయి. చెవులు మూసుకుపోయిన ఆ పిల్ల తలుపు వైపు తల తిప్పి, పాదాలతో వింటోంది. వదిన బరువైన అడుగు పడింది. గుప్పిట కుడి చెయ్యి లేచి, మూసిన పిడికిలితో నేలను ఒక్క దెబ్బ కొట్టింది. మళ్ళీ బరువైన అడుగు. మళ్ళీ దెబ్బ. పెదాలు విచ్చుకున్నాయి. ఇది మెడ వంపులో నవ్విన నవ్వు కాదు. చప్పుడు లేని వేరే నవ్వు. తను ఎన్నడూ చూడని నవ్వు.

సూదమ్మకు అప్పుడు తట్టింది. సాయంత్రం తను రాగానే వదిన కిందికి దిగిపోయేది. సెలవు రోజుల్లో ఆవిణ్ణి పైకి రానిచ్చేదే కాదు. ఇందాక ఆవిడ గది దాటినప్పుడూ తన చూపు ఆవిడ మీదే ఉంది. అందుకే తను ఇది చూడలేదు. వదినకూ తెలియదు. నడిచేటప్పుడు ఆవిడ పిల్లకు దూరంగా ఉంటుంది. దగ్గరకొచ్చి చూసేసరికి అడుగులు ఆగిపోయి ఉంటాయి. వాసన అమ్మదైతే, ఆ అడుగు అత్తది. పిల్ల ఇద్దరినీ వేరువేరుగా ఎరుగును. వదిన తినేసింది తన నవ్వు. కానీ ఆవిడ నవ్వు ఆవిడకు ఇంకోటి ఉంది, ఆవిడకు తెలియకుండానే.

చెప్పాలి. వదినా ఒక్కసారి వెనక్కి తిరుగు అంటే చాలు. అంటే ఆవిడ సంచి అక్కడే పడేస్తుంది. సాయంత్రం బస్సు వెళ్ళిపోతుంది. రేపు పొద్దున్న మళ్ళీ ఈ నేల మీద ఆ అడుగులు, ఆ అడుగులకు ఈ నవ్వు. ఇప్పుడే దొరికిన బిడ్డను, పూర్తిగా ఒక్క గంటైనా తనదని అనుకోకముందే, మళ్ళీ పంచుకోవాలి.

నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

అడుగులు గుమ్మం దాటి మెట్లు దిగాయి. నేల అదరడం తగ్గిపోయింది. మెట్ల సగంలో వదిన ఆగింది. ఇన్నాళ్ళూ సూదమ్మ నిలబడి అడిగిన చోటే అది. కిందినుంచి గొంతు వినబడింది, తడితడిగా:

"నవ్విందా అమ్మాయ్?"

సూదమ్మ పిల్లవంక చూసింది. గుప్పిట తలుపు వైపే తల పెట్టి, పాదాలు నేలకు ఒత్తి, కాచుకుని ఉంది.

"నవ్వింది వదినా" అంది సూదమ్మ.

అంతే అంది.

కింద తలుపు మూసుకుంది. గుప్పిట పిడికిలి నేలను ఇంకోసారి తట్టి, జవాబు కోసం ఆగింది.